వచ్చే ఆదివారం వాక్యం మీరు చెప్పాలంటే: ప్రసంగం సిద్ధం చేసుకునే పద్ధతి

“వచ్చే ఆదివారం అయ్యగారు (పాస్టర్) ఊళ్లో ఉండరు, వాక్యం మీరే చెప్పాలి” అని సంఘ పెద్ద అడిగినప్పుడు ముందు సంతోషం వేస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు టెన్షన్ మొదలవుతుంది. రోజూ బైబిల్ చదువుతాం, కుటుంబ ప్రార్థనలో నాలుగు మాటలు చెబుతాం. కానీ సంఘం ముందు నిలబడి అరగంట మాట్లాడటం వేరు. అయ్యగారు లేని ఆదివారాల్లో పల్లె సంఘాలకు వెళ్లి వాక్యం చెబుతూ నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. నేను బైబిల్ కాలేజీలో చదివినవాణ్ణి కాదు. మీలాగే వారమంతా వేరే పని చేసుకుంటూ, రాత్రిళ్లు లాంతరు దగ్గరో బల్బు కిందో కూర్చుని సిద్ధపడేవాణ్ణి.

నా మొదటి ప్రసంగంలో పదకొండు రిఫరెన్సులు తీయించాను. ఇంటికి నడిచి వెళ్తుంటే మా అమ్మ అంది: “ఒకటి తీసేలోపు ఇంకోటి చెప్పావు. నాకు పేజీలు తిప్పడంతోనే సరిపోయింది నాయనా. ఏం చదివామో ఒక్కటీ మనసులో నిలవలేదు.” ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, చాలా మేలు కూడా చేసింది. అప్పటి నుంచి నేను ఒక్క వాక్యభాగం దగ్గరే నిలబడుతున్నాను. మీకూ అదే చెబుతున్నాను.

ప్రసంగం అంటే ఏమిటో నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం 8వ వచనం ఒక్క ముక్కలో చెబుతుంది. యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట జనమంతా కూడారు. శాస్త్రి అయిన ఎజ్రా చెక్కతో చేసిన పీటం ఎక్కి ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు గ్రంథాన్ని స్పష్టంగా చదివి వినిపించి, జనులు గ్రహించేలా దానికి అర్థం చెప్పారు. చదవడం, అర్థం చెప్పడం, జనులు గ్రహించడం. ఈ మూడింటిలో మూడోది జరగకపోతే మొదటి రెండూ సగంలో ఆగిపోయినట్టే.

ముందు మీ సంఘం ప్రసంగాన్ని ఎలా చూస్తుందో తెలుసుకోండి

అన్ని సంఘాల్లో ప్రసంగానికి ఒకే చోటు లేదు. ఒకరి పుల్పిట్ మీదికి వెళ్లి ఇంకొకరి పద్ధతిలో మాట్లాడితే వినేవాళ్లు ఇబ్బంది పడతారు.

కేథలిక్ దేవాలయంలో పూజ మధ్యలో సువిశేష (సువార్త) పఠనం తర్వాత వచ్చే ప్రసంగాన్ని హోమిలీ అంటారు. అది పూజలో భాగమే అని 1963లో రెండవ వాటికన్ మహాసభ స్పష్టం చేసింది. 1983 నాటి సంఘ చట్టం ప్రకారం పూజలో హోమిలీ చెప్పేది గురువు (ఫాదర్) లేదా డీకన్ (గురువు కన్నా కింది స్థాయి అభిషిక్త పరిచారకుడు). కాబట్టి మీరు కేథలిక్ విశ్వాసులైతే పూజలో మీకు వచ్చే బాధ్యత పఠనం చదవడం. ప్రార్థన కూటాల్లో, ఉపదేశ తరగతుల్లో మాట్లాడే అవకాశం వేరేగా ఉంటుంది. పూజలో హోమిలీ చిన్నదిగానే ఉంటుంది. పోప్ ఫ్రాన్సిస్ 2018లో పది నిమిషాలు దాటించవద్దని గురువులకు చెప్పారు.

లూథరన్ సంఘాల్లో ప్రసంగం ఆరాధనకు గుండె లాంటిది. సువార్త శుద్ధంగా బోధించే చోట, బాప్తిస్మం, ప్రభువు రాత్రి భోజనం అనే సంస్కారాలు సరిగా జరిగే చోట సంఘం ఉంటుందని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఏడవ అధికరణం చెబుతుంది. 1842లో హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చినప్పుడు తెచ్చింది ఈ సంప్రదాయాన్నే. వాళ్ల ప్రసంగంలో ధర్మశాస్త్రం, సువార్త రెండూ వినబడాలి. అంటే మన పాపాన్ని చూపించే మాట, క్రీస్తు కృపను చూపించే మాట. ఒకటి చెప్పి రెండోది మింగేయకూడదు. ఏ సంఘంలో మాట్లాడినా ఈ కొలత పనికొస్తుంది.

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో ఆ ఆదివారానికి నియమించిన పాఠాలు, అంశం ముందే ఉంటాయి. మీరు ఎంచుకోవాల్సిన పని తప్పుతుంది. ఆడవాళ్లు పుల్పిట్ ఎక్కడం అక్కడ కొత్తేమీ కాదు. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. ఆ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి స్త్రీ ఆమే. బాప్టిస్టు సంఘాల్లో ప్రసంగీకుడే వాక్యభాగం ఎంచుకోవడం మామూలు. బ్రదరన్ కూడికల్లో ఒక్క కాపరే అని ఉండదు, సహోదరుల్లో ఎవరైనా లేచి వాక్యం చెప్పవచ్చు. హైదరాబాద్ హెబ్రోను నుంచి భక్త్ సింగ్ గారి పరిచర్యతో ఏర్పడిన సహవాసాల్లో ఆరాధన గంటల తరబడి సాగుతుంది, అక్కడివాళ్లు పొడుగు సందేశానికి అలవాటుపడినవాళ్లు. పెంతెకొస్తు సంఘాలు అభిషేకం గురించి, అంటే పరిశుద్ధాత్మ శక్తి గురించి, ఎక్కువగా మాట్లాడతాయి. ప్రసంగం మధ్యలో ఆమేన్, హల్లెలూయ అని జవాబు వస్తుంది, ఆ జవాబు కూడా ప్రసంగంలో భాగమే.

పైకి ఇన్ని తేడాలు కనిపిస్తున్నా లోపల ఒక నమ్మకం ఉంది. ప్రసంగంలో మాట్లాడేది మనిషి ఒక్కడే కాదు. 1566 నాటి స్విస్ సంస్కరణ సంఘాల రెండవ హెల్వెటిక్ విశ్వాస ప్రమాణం దీన్ని చాలా ధైర్యంగా చెప్పింది: దేవుని వాక్యాన్ని ప్రకటించడం దేవుని వాక్యమే. ఆ మాట చదివినప్పుడల్లా నాకు వణుకు పుడుతుంది. పుట్టాలి కూడా. సిద్ధపాటు లేకుండా లేచి “దేవుడు ఏమిస్తే అది చెబుతాను” అనడం ఆత్మ మీద ఆధారపడటం కాదని నేను నమ్ముతున్నాను. సోమవారం నుంచి శనివారం దాకా కూడా ఆత్మ పనిచేస్తాడు.

పెద్దను మూడు సంగతులు అడగండి. ఎన్ని నిమిషాలు? నియమించిన పాఠం ఉందా? ఆ రోజు ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) గానీ, కృతజ్ఞత కూడిక గానీ, ఎవరి జ్ఞాపకార్థమైనా గానీ ఉందా? ఇవి తెలిసిన తర్వాతే బైబిల్ తెరవండి.

చిన్న వాక్యభాగం తీసుకోండి

పాఠం ముందే ఇచ్చి ఉంటే అదే తీసుకోండి. కష్టంగా ఉందని మార్చవద్దు. మనకు నచ్చినవే చెబుతూ పోతే సంఘం మనల్నే వింటుంది, బైబిల్‌ను కాదు. పదహారో శతాబ్దంలో జెనీవా నగరం సంఘ సంస్కర్త కాల్విన్‌ను 1538లో వెళ్లగొట్టింది, 1541లో మళ్లీ పిలిచింది. తిరిగి వచ్చి పుల్పిట్ ఎక్కినప్పుడు ఆయన వెళ్లగొట్టినవాళ్ల గురించి మాట్లాడలేదు. మూడేళ్ల క్రితం ఏ వచనం దగ్గర ఆగాడో దాని తర్వాతి భాగం నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. మనసులో ఉన్న కోపం కన్నా వాక్యం క్రమం పెద్దదని చూపించాడు.

స్వేచ్ఛ మీదే అయితే ఐదు నుంచి పదిహేను వచనాల లోపు, ఒక సంగతి మొదలై ముగిసే భాగం తీసుకోండి. మొదటిసారి చెప్పేవాళ్లకు కథ ఉన్న భాగం మంచిది. రోమా పత్రిక (పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం) లాంటి వాటిలోని వాదన తర్వాత చూసుకోవచ్చు. ఒక్క వచనం పట్టుకుని ముందు వెనకలు వదిలేస్తే మాత్రం ఆ వచనం చెప్పనిది కూడా దాని నోట చెప్పించేస్తాం.

ఇక్కడ ఉదాహరణకు రెండవ రాజులు 4వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు తీసుకుందాం. ప్రవక్తల శిష్యుల్లో ఒకాయన చనిపోయాడు. ఆయన భార్య ఎలీషా ప్రవక్త దగ్గర మొరపెట్టుకుంది. అప్పులవాడు వచ్చి ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోబోతున్నాడు. ఇంట్లో నూనె కుండ ఒక్కటే ఉంది. మన ఊళ్లలో ఈ కథ ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

సోమ, మంగళవారాలు: చదవండి, ఇంకేమీ చేయవద్దు

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. వాక్యభాగం దొరకగానే యూట్యూబ్‌లో ఎవరెవరు దీని మీద ఏం చెప్పారో వినడం మొదలుపెడతారు. రెండు రోజులు ఆ పని మానండి. ఎవరి గొంతూ మీ చెవిలో లేనప్పుడే వాక్యం మీతో నేరుగా మాట్లాడుతుంది.

బైబిల్ తీసి ఆ ఏడు వచనాలను పైకి చదవండి. కళ్లతో కాదు, నోటితో. మన పాత అనువాదంలోని తెలుగు గ్రాంథికం. కళ్లతో చదివితే మాటలు జారిపోతాయి, నోటితో చదివితే ఎక్కడ తట్టుకుంటారో తెలుస్తుంది. నాలుగోసారి చదివేటప్పుడు పక్కన నోటు పుస్తకం పెట్టుకుని కనిపించినవన్నీ రాయండి. అర్థాలు కాదు, కనిపించినవి మాత్రమే.

నేను ఒకసారి ఇలా రాసుకున్నాను. ఆమె పేరు చెప్పలేదు. భర్త పేరు చెప్పలేదు. అప్పు ఎంతో చెప్పలేదు. భర్త భయభక్తులు గలవాడని ఆమే చెబుతోంది, అంటే భక్తిపరుడు కూడా అప్పుతో చనిపోయాడు. ఎలీషా రెండు ప్రశ్నలు అడిగాడు: నీ కోసం ఏం చేయమంటావు? నీ ఇంట్లో ఏముంది? ఆమె ముందు “ఏమీ లేదు” అన్నట్టే మాట్లాడి, నూనె కుండ ఒక్కటి ఉందంది. ఇరుగు పొరుగు దగ్గర వట్టి పాత్రలు ఎరవు తెచ్చుకోమన్నాడు, కొన్ని కాదు, దొరికినన్ని. తలుపు మూసుకోమన్నాడు. గదిలో ఆమె, కొడుకులు మాత్రమే ఉన్నారు, ఎలీషా లేడు. పాత్రలు అయిపోగానే నూనె ఆగింది. చివరి మాట: అమ్మి, అప్పు తీర్చి, మిగిలిన దానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి.

“ఎరవు” అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అప్పుకూ ఎరవుకూ తేడా మన భాషలో ఎంత ఉందో చూడండి. అప్పు తెచ్చినదాన్ని వాడేసి, దాని విలువ తిరిగి తీరుస్తాం. ఎరవు తెచ్చిన వస్తువును అలాగే తిరిగి ఇచ్చేస్తాం. పెళ్లికి పక్కింటి గుండిగ తెచ్చుకుంటాం, దానికి ఎవరూ వడ్డీ అడగరు. అప్పు ఆమె కొడుకులను లాక్కుపోతుంటే ఎరవు పాత్రలు ఆ కొడుకులను కాపాడాయి. ఇది నేను ఏ వ్యాఖ్యాన గ్రంథంలోనూ చూడలేదు. పైకి చదవడం వల్ల దొరికింది. మీరు చదివితే మీకు ఇంకొకటి దొరుకుతుంది.

పక్కన ఇంకో రెండు తెలుగు అనువాదాలు పెట్టుకుని పోల్చండి. ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. ఇంగ్లీషు వస్తే అదీ చూడండి. మాట తేడాగా ఉన్న చోట గుర్తు పెట్టుకోండి.

బుధవారం: అప్పటి సంగతి తెలుసుకోండి

ఇప్పుడు వ్యాఖ్యానాలు, బైబిల్ నిఘంటువు తెరవండి. మీ దగ్గర లేకపోతే అయ్యగారిని అడిగితే ఇస్తారు. వెతకాల్సినవి మీ నోటు పుస్తకంలోనే ఉంటాయి. అప్పుకు బదులు పిల్లలను తీసుకుపోవడం అప్పట్లో నిజంగా జరిగేదా? జరిగేది. నెహెమ్యా 5వ అధ్యాయంలో జనం తమ కొడుకులను, కూతుళ్లను దాసత్వానికి అప్పగించాల్సి వచ్చిందని ఏడ్చారు. బీదవాడికి అప్పిచ్చి వడ్డీ కట్టవద్దని నిర్గమకాండము 22వ అధ్యాయం చెబుతుంది. చితికిపోయి అమ్ముడుపోయిన సహోదరుణ్ణి దాసుడిలా చూడవద్దని లేవీయకాండము 25వ అధ్యాయం చెబుతుంది. అంటే ఆ అప్పులవాడు తన హక్కు అనుకున్నది ధర్మశాస్త్రం ఉద్దేశానికి ఎదురుగా ఉంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీ ప్రసంగానికి బలం వస్తుంది.

వాక్యం చెప్పనిది మీరు చేర్చవద్దు. ఆ భర్త ఫలానా ఓబద్యా అని ఒక పాత యూదు సంప్రదాయం ఉంది. వినడానికి బాగుంటుంది, కానీ రాజుల గ్రంథం ఆ పేరు చెప్పలేదు. చెప్పాలనుకుంటే సంప్రదాయం అనే చెప్పండి. పుల్పిట్ మీద నుంచి వచ్చిన మాటను జనం బైబిల్ మాటగానే ఇంటికి తీసుకెళ్తారు.

గురువారం: ఒక్క వాక్యం రాయండి

ఈ పని అన్నింటికన్నా కష్టం. నాకు కొన్ని వారాలు రెండు రాత్రులు పట్టేది. మీ ప్రసంగమంతా ఒక్క వాక్యంలో రాయాలి. పొలం నుంచి వచ్చి వెనక వరసలో కూర్చున్న మనిషి మధ్యాహ్నం అన్నం తింటూ భార్యకు చెప్పగలిగేంత చిన్నదిగా ఉండాలి.

“దేవుడు మన అవసరాలు తీరుస్తాడు” అని రాస్తే అది నిజమే, కానీ బైబిల్‌లో వంద చోట్ల చెప్పవచ్చు. ఈ ఏడు వచనాలు మాత్రమే చెప్పేది ఏమిటి? నేను చివరికి ఇలా రాసుకున్నాను: “ఆమె ఇంట్లో మిగిలిన కొంచెం నూనెను, పొరుగువాళ్ల వట్టి పాత్రలను కలిపి దేవుడు ఆ పిల్లలను విడిపించాడు.” ఇందులో దేవుడు ఉన్నాడు, ఆమె ఉంది, పొరుగువాళ్లూ ఉన్నారు. వినేవాళ్లలో అప్పుల్లో ఉన్నవాళ్లకూ, పాత్రలు ఇవ్వగలిగినవాళ్లకూ ఇద్దరికీ మాట ఉంది.

రాసిన వాక్యాన్ని ఒక పరీక్ష పెట్టండి. వాక్యభాగంలోని ఏ ముక్కైనా దీనికి అడ్డుపడుతోందా? ఈ కథ మీద నాకు చాలా బాధ కలిగించే ప్రసంగం ఒకటి తరచూ వినబడుతుంది. “నీ దగ్గర ఉన్న చివరి కుండ దైవజనుడికి ఇవ్వు, నీ ఇల్లు నిండుతుంది” అని. మళ్లీ చదవండి. ఎలీషా ఆమె దగ్గర ఒక్క చుక్క నూనె తీసుకోలేదు. అద్భుతం జరిగిన గదిలో ఆయన అసలు లేనే లేడు. నూనె నిండాక ముందు అప్పు తీర్చమన్నాడు, మిగిలింది నీకూ నీ పిల్లలకూ అన్నాడు. అప్పుల్లో మునిగిన విధవరాలి కథ చెప్పి అప్పుల్లో ఉన్నవాళ్ల దగ్గర డబ్బు అడగడం ఆ కథకే విరుద్ధం. మీ వాక్యం ఇలా దారి తప్పితే వాక్యభాగమే మీకు చెబుతుంది. వినండి.

క్రీస్తు దగ్గరకు ఎలా వెళ్లాలి అని కొందరు అడుగుతారు. పాత నిబంధన కథ చివర సిలువ మాట అతికించినట్టు ఉండకూడదు. ఇక్కడ దారి సహజంగానే ఉంది. అప్పు వల్ల దాసత్వంలోకి పోబోతున్నవాళ్లు, వాళ్లను విడిపించిన దేవుడు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం చదివి, చెరలో ఉన్నవారికి విడుదల గురించి చెప్పిన భాగం లూకా 4వ అధ్యాయంలో ఉంది. తీయించడానికి ఆ ఒక్క రిఫరెన్సు చాలు.

వినేవాళ్లను ఒక్కొక్కరిగా తలుచుకోండి

నాలుగో శతాబ్దం చివర, ఐదో శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణంలో అగస్టీన్ బిషప్‌గా ఉన్నాడు. అంతకు ముందు ఆయన వక్తృత్వం నేర్పే ఉపాధ్యాయుడు. మాట్లాడటం ఎలాగో అంత తెలిసినాయన, ప్రసంగీకుడు మాట్లాడేవాడు కావడానికి ముందు ప్రార్థించేవాడు కావాలి అన్నాడు. తన కోసం, వినబోయేవాళ్ల కోసం.

శుక్రవారం రాత్రి నేను ఆ సంఘంలో కూర్చునేవాళ్లను వరసగా మనసులో చూసుకుంటూ ప్రార్థిస్తాను. కుడివైపు గోడ పక్కన డ్వాక్రా గ్రూపు అప్పు కట్టలేక మాట పడుతున్న అక్క. డిగ్రీ అయ్యి ఉద్యోగం లేని కుర్రాడు. వడ్డీకి డబ్బు తిప్పే పెద్దమనిషి, ఆయన కూడా ఆదివారం తప్పక వస్తాడు. ఇతరులు ఎవరూ చూడకుండా ఏడ్చేవాళ్లు. ఈ నలుగురిలో ఒక్కరికైనా నా మాట పనికిరాకపోతే మళ్లీ రాసుకుంటాను. వడ్డీకి ఇచ్చే ఆయన కూడా వినగలిగేలా, ఆయన్ని అవమానించకుండా, అయినా సత్యం తగ్గించకుండా చెప్పడమే నాకు ఎప్పుడూ కష్టమైన పని.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ఎవరైనా ప్రార్థన కోసం మీతో చెప్పుకున్న సంగతిని పేరు లేకుండా కూడా ప్రసంగంలో వాడవద్దు. చిన్న ఊళ్లో పేరు చెప్పకపోయినా అందరికీ తెలిసిపోతుంది. ఆ మనిషి మళ్లీ ఎవరితోనూ నోరు విప్పదు.

వరస పెట్టుకోవడం

కథ ఉన్న వాక్యభాగానికి కథ వరసే మంచి వరస. ఆమె మొర, ఎలీషా ప్రశ్న, ఎరవు పాత్రలు, మూసిన తలుపు, అప్పు తీరడం. ఒక్కో చోట ఆగి ఆ ఇంట్లో నిలబడినట్టు చూపించండి, తర్వాత మన ఇళ్లవైపు తిరగండి, మళ్లీ ఆ ఇంటికి వెళ్లండి. “మొదటిది, రెండవది, మూడవది” అని ఒకే అక్షరంతో మొదలయ్యే పాయింట్లు వెతకడానికి గంటలు పెట్టవద్దు. ఆ సమయం చదవడానికి పెట్టండి. పత్రికల్లోని వాదనకు మాత్రం పాయింట్లు పనికొస్తాయి.

మొదటి రెండు నిమిషాలు రాసిపెట్టుకోండి, చివరి రెండు నిమిషాలు కూడా. మధ్యది గుర్తు కోసం ముక్కలుగా చాలు. మొదట్లో “నేను అర్హుణ్ణి కాను, సమయం లేదు, సిద్ధపడలేదు” అనే మాటలు వద్దు. నేరుగా ఆ విధవరాలి ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టండి.

ఉదాహరణలు మీ ఊరివి చెప్పండి. పుస్తకాల్లో దొరికే మంచు తుపాను కథలు, ఎవరో రాజు కథలు మన వాళ్లకు ఆనవు. బిందె, గుండిగ, చేబదులు, ఎరవు కత్తిపీట, ఇవి చాలు. నిజంగా జరిగిందో లేదో తెలియని సాక్ష్యాన్ని నిజమని చెప్పవద్దు.

భాష

వాక్యం చదివేటప్పుడు బైబిల్‌లో ఉన్నట్టే చదవండి, మాట మార్చవద్దు. వివరించేటప్పుడు మాత్రం మామూలు తెలుగులో మాట్లాడండి. చదివింది గ్రాంథికం కాబట్టి వివరణ కూడా గ్రాంథికంలోకి జారిపోతుంది. “ఆమె యొక్క గృహమందు” అనవద్దు, “ఆమె ఇంట్లో” అనండి. నీతిమంతుడిగా తీర్చబడుట, ప్రాయశ్చిత్తం, పరిశుద్ధపరచబడుట లాంటి మాటలు వస్తే ఆగి అర్థం చెప్పండి. చర్చిలో పుట్టి పెరిగినవాళ్లకే వాటి అర్థం తెలియకపోవచ్చు, బయటి నుంచి వచ్చి తలుపు దగ్గర కూర్చున్న మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. జనానికి అర్థం కాకపోవడం కన్నా వ్యాకరణ పండితులు మనల్ని తప్పుపట్టడమే మేలు అని కూడా అగస్టీన్ అన్నాడు.

ఇతర మతాలవాళ్లను, వాళ్ల దేవుళ్లను, పక్క సంఘాన్ని తక్కువ చేసి మాట్లాడవద్దు. క్రీస్తు గురించి చెప్పడానికే మీకున్న సమయం చాలదు.

మీరు చెప్పేది ఇంకొకరు అనువదిస్తుంటే (హైదరాబాద్‌లోనూ, విదేశాల్లోని తెలుగు సంఘాల్లోనూ ఇది మామూలే) మీ సమయం సగానికి తగ్గిందని లెక్క వేసుకోండి. పూర్తి వాక్యం చెప్పి ఆగండి, సగంలో ఆపవద్దు. ముందు రోజే అనువదించే వారికి మీ కాగితం ఇవ్వండి.

శనివారం: పైకి చెప్పి చూసుకోండి

తలుపు వేసుకుని మొత్తం ఒకసారి నిలబడి చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసి సమయం చూసుకోండి. ఇచ్చింది ముప్పై నిమిషాలైతే ఇరవై ఐదుకు ముగిసేలా చేయండి, పుల్పిట్ మీద ఎలాగూ కొంచెం పెరుగుతుంది. రికార్డు వినండి. ప్రతి మాటకూ “దేవునికి స్తోత్రం”, “అర్థమవుతుందా” అంటున్నారేమో చూడండి. స్తోత్రం చాలా గొప్ప మాట, ఊపిరి తీసుకోవడానికి వాడే మాట కాదు. తీసేయాల్సినవి ఇప్పుడే తీసేయండి. బాగా కష్టపడి కనుక్కున్న సంగతి అయినా సరే, మీ ఒక్క వాక్యానికి పనికిరాకపోతే తీసేయండి. ఎరవు గురించి నేను పది నిమిషాలు రాసుకుని చివరికి మూడు నిమిషాలు ఉంచాను.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలు దిగివెళ్లి వాణ్ణి కౌగిలించుకున్నాడు. వినేవాళ్లు రాత్రంతా పనిచేసి వచ్చినవాళ్లు కావచ్చు. కునికేవాణ్ణి పుల్పిట్ మీద నుంచి గద్దించవద్దు.

పాటలు నడిపించేవాళ్లకు మీ వాక్యభాగం ముందే చెప్పండి. ప్రసంగం తర్వాత దానికి తగిన కీర్తన ఒకటి పాడితే మీరు చెప్పిన మాట ఇంటికి వెళ్లేదాకా నోట్లో ఉంటుంది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తం చౌదరి గారి లాంటివాళ్లు రాసినవి చదువురాని తాతమ్మలకు కూడా కంఠతా వచ్చేవి. కీర్తన చేసే ఆ పని ఏ ప్రసంగమూ చేయలేదు.

ఆదివారం ఉదయం

తొందరగా వెళ్లండి. మైక్ ఒకసారి చూసుకోండి, నోటికి మరీ దగ్గర పెట్టుకుంటే మాట పగిలిపోతుంది. కరెంటు పోతే వెనక వరసకు వినబడేంత గొంతు ఉందో లేదో ఖాళీ మందిరంలో ఒకసారి చదివి చూసుకోండి. కాగితం బైబిల్‌లో పెట్టుకోండి. ఫోన్ చూసి చెప్పాలనుకుంటే ఛార్జింగ్ చూసుకోండి, కాల్స్ రాకుండా చేయండి.

వాక్యభాగం చెప్పాక అందరూ తీసేదాకా ఆగండి. పేజీల చప్పుడు ఆగాక చదవండి. నిదానంగా, కామా దగ్గర ఆగుతూ. ఈ చదవడం ప్రసంగానికి ముందు జరిగే చిన్న పని అనుకోవద్దు. రోమా 10:17 వినుట వలన విశ్వాసము కలుగును అంటుంది. కొందరు వారమంతా వినే వాక్యం ఆ రెండు నిమిషాల్లో మీరు చదివిందే కావచ్చు.

మాట్లాడేటప్పుడు మనుషుల్ని చూడండి. రానివాళ్ల మీద కోపం వచ్చినవాళ్ల మీద చూపించవద్దు. “ఆమేన్ చెప్పండి” అని మాటిమాటికీ అడగవద్దు, మాట లోపలికి వెళ్తే అదే వస్తుంది. కొన్నిసార్లు నిశ్శబ్దం వస్తుంది, భయపడవద్దు. ఒక చోట “అప్పులవాడు వచ్చి పిల్లల్ని తీసుకుపోతానన్నాడు” అని చెప్పి నేను ఆగినప్పుడు మందిరమంతా కదలకుండా ఉంది. ఆ నిశ్శబ్దాన్ని మాటలతో నింపకుండా కొంతసేపు అలాగే ఉండనిచ్చాను.

“చివరిగా” అన్నాక నిజంగా ముగించండి. ముగింపు ప్రార్థనలో ప్రసంగాన్ని మళ్లీ చెప్పవద్దు. అక్కడ దేవునితో మాట్లాడండి.

తర్వాత

బయట చేతులు కలిపి “బాగా చెప్పారు” అంటారు, వందనాలు చెప్పి ఊరుకోండి. అమ్మలాంటి మనిషి ఒకరిని ఎంచుకుని రెండు రోజుల తర్వాత అడగండి: ఆదివారం ఏం విన్నారు? బాగుందా అని కాదు, ఏం విన్నారు అని. మీరు గురువారం రాసుకున్న వాక్యం ఆమె మాటల్లో వినబడితే సంతోషించండి. ఇంకొకటేదో చెబితే అదీ రాసుకోండి, కొన్నిసార్లు మీరు చెప్పనిది దేవుడు వినిపించి ఉంటాడు.

అప్పు గురించి మాట్లాడారు కాబట్టి ఆ వారంలో అప్పుల్లో ఉన్న ఒక ఇంటికి వెళ్లండి. ప్రార్థన చేయడానికే కాదు, కూర్చుని వినడానికి. వీలైతే సంఘ పెద్దతో కలిసి, ఆ ఇంటికి ఎవరు ఏ పాత్ర ఎరవు ఇవ్వగలరో చూడండి.

ప్రసంగం కాగితం పైన తేదీ, ఊరు, వాక్యభాగం రాసి దాచుకోండి. పెద్ద మళ్లీ పిలిచినప్పుడు అక్కడ ఏం చెప్పారో వెతుక్కోవాల్సిన పని ఉండదు.